షుగర్ ఉన్న నాన్న అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నారు, అరికాళ్ళకి స్పర్శ తగ్గింది. పాదాల పరీక్ష ఎక్కడ చేస్తారు?

చీపురుపల్లి తమ్ముడు | అక్టోబరు 24

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్నకి 58 ఏళ్ళు, షుగర్ వచ్చి చాలా కాలమైంది. మాత్రలు మానకుండా వేసుకుంటారు గానీ ఈసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.6 వచ్చింది.

మొన్న పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. గచ్చు మీద రక్తం మరకలు చూసి అమ్మ కంగారుపడింది. కాలు ఎత్తి చూస్తే అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది. ఆయనకి తెలీనే తెలీదు. "ఏటీ లేదే, నొప్పి లేదు కదా" అంటారు. ముల్లు తీసి కడిగి కట్టు కట్టించాం, టీటీ వేయించాం, పుండు మానుతోంది. అప్పుడే అమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఈ మధ్య నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా చూసుకోకుండా నాలుగడుగులు వేసేస్తున్నారట.

ఇప్పుడు నా టెన్షన్ ఏమిటంటే, నవంబరు మధ్యలో ఆయన అయ్యప్ప మాల వేసుకుంటారు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు, వద్దంటే వినే మనిషి కాదు. 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగాలి, అదే సమయంలో వరి కోతలు. చూపించుకునే చోట షుగర్ ఎంతుందో చూసి మాత్రలు రాసి పంపిస్తున్నారు. కాళ్ళు చూడటం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. పాదాలకి విడిగా ఏదైనా పరీక్ష ఉంటుందా? విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎక్కడ చేస్తారు? మాల సంగతి ఏం చెయ్యమంటారు?

టెక్కలి స్టాఫ్ నర్స్ | అక్టోబరు 24

తమ్ముడూ, ముల్లు దిగినా తెలీలేదంటే పరీక్షలో సగం అయిపోయినట్టే. నొప్పి లేదు కదా అని ఊరుకునేవాళ్ళే తర్వాత మా సర్జికల్ వార్డులో కనిపిస్తారు. నొప్పి ఉన్న కాలిని మనిషి కాపాడుకుంటాడు. నొప్పి లేని కాలిని ఎవరూ పట్టించుకోరు.

ఈ రాత్రే ఇంట్లో ఒకటి చెయ్యండి. నాన్నగారిని మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలితో ఆయన కాలివేళ్ళ కొసలు ముట్టుకోవాలి. కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు, ఈ వరసలో ఆరు చోట్ల. ఊరికే తాకి ఒకటి రెండు క్షణాలు ఉంచండి చాలు. నొక్కొద్దు, రాయొద్దు, గిలిగింత పెట్టొద్దు. తెలిసినప్పుడు కుడి అనో ఎడమ అనో చెప్పాలి. చెప్పకపోతే అక్కడే రెండోసారి ముట్టుకోకండి, అది తెలీనట్టే లెక్క. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలీకపోతే కాళ్ళకి రక్షణ ఇచ్చే స్పర్శ పోయిందని అర్థం. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రి వాళ్ళు తెచ్చిన పద్ధతి ఇది. పరికరం అక్కర్లేదు, చదువుకోని వాళ్ళు కూడా చెయ్యగలరు.

ఆసుపత్రిలో అయితే మోనోఫిలమెంట్‌తో చేస్తారు. పెన్ను లాంటి పిడికి చివర నైలాన్ తీగ ఉంటుంది. చర్మానికి ఆనించి నొక్కితే సరిగ్గా 10 గ్రాముల బరువు దగ్గర ఆ తీగ వంగుతుంది. ఆ మాత్రం కూడా తెలీని పాదానికి చెప్పు కరిచినా, రాయి గుచ్చుకున్నా తెలీదు. దాంతోపాటు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తుందా అని అడుగుతారు. కొన్ని చోట్ల బయోథీసియోమీటర్ అనే మిషన్ ఉంటుంది, అందులో 25 వోల్టులు దాటినా అదురు తెలీకపోతే పుండు పడే ప్రమాదం ఎక్కువ.

రెండోది రక్తప్రసరణ. పాదం పైన ఒకచోట, లోపలివైపు చీలమండ వెనక ఒకచోట నాడి చూస్తారు. దొరక్కపోతే చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ కొలిచి భాగిస్తారు. దాన్నే ఏబీఐ అంటారు. 0.9 కంటే తక్కువ వస్తే రక్తనాళం ఇరుకైందని. షుగర్ వాళ్ళలో నాళాలు గట్టిపడి 1.3 దాటి కూడా వస్తుంది. అంకె పెద్దగా ఉంది కదా, బాగుంది అనుకుంటారు, కానీ అదీ మంచిది కాదు.

గరివిడి బాబాయ్ | అక్టోబరు 25

మేడమ్, నా సంగతి వేరేలా ఉంది. నాకు రాత్రుళ్ళు అరికాళ్ళు భగభగ మండుతాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. అంటే నాకు స్పర్శ బాగానే ఉన్నట్టు కదా?

టెక్కలి స్టాఫ్ నర్స్ | అక్టోబరు 25

కాదు బాబాయ్. మంటలు, సూదులు గుచ్చినట్టుండటం కూడా నరాలు దెబ్బతిన్నందుకే. ఒకే కాలికి మంటా ఉండొచ్చు, ముల్లు దిగినా తెలీకపోనూవచ్చు. మీరూ ఆ వేళ్ళ పరీక్ష చేయించుకోండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళుగా వాడుతుంటే విటమిన్ బీ12 కూడా ఒకసారి చూపించుకోండి. ఆ మందు ఎక్కువ కాలం వాడేవాళ్ళలో బీ12 తగ్గి, దానివల్లా తిమ్మిర్లు వస్తాయి. అది సరిచేసుకోగలిగిన కారణం, వదిలెయ్యకూడదు. కానీ మీ అంతట మీరు మాత్రలు ఆపకండి.

సాలూరు మాస్టారు | అక్టోబరు 25

నేను కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. షుగర్ పాదాల గురించి ఎవరైనా మాట్లాడుతుంటే నాకు మా పాత ఉద్యోగమే గుర్తొస్తుంది. ఆ మోనోఫిలమెంట్లూ, ఆ మెత్తటి చెప్పులూ, రోజూ పాదం చూసుకోమని చెప్పడమూ అంతా మేము కుష్ఠు రోగులతో చేసిన పనే.

ఒకప్పుడు మన రెండు జిల్లాల్లో కుష్ఠు చాలా ఎక్కువ. ఆ జబ్బుకి వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని జనం నమ్మేవారు. అది నిజం కాదని వెల్లూరు సీఎంసీలో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ చూపించారు. ఆయన తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఇంగ్లీషాయన. వేళ్ళని తినేసేది క్రిమి కాదు, స్పర్శ లేకపోవడం వల్ల రోజూ తగిలే దెబ్బలని ఆయన తేల్చారు. వేడి గిన్నె పట్టుకున్నా తెలీదు, చెప్పులో మేకు ఉన్నా తెలీదు. తర్వాత ఆయన అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళి, కుష్ఠు పాదాలకి నేర్చుకున్నదే షుగర్ పాదాలకీ వర్తింపజేశారు. ఈరోజు ప్రపంచమంతా షుగర్ పుండుకి కాలికి పూర్తిగా అతికేలా పిండికట్టు వేసి బరువు తప్పిస్తున్నారంటే, ఆ పద్ధతి మన దేశంలోని కుష్ఠు ఆసుపత్రుల నుంచే అటు వెళ్ళింది.

అందుకని తమ్ముడికి నేను చెప్పేది ఎంసీఆర్ చెప్పుల గురించి. మైక్రో సెల్యులర్ రబ్బరు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది, కింద గట్టి సోల్ ఉంటుంది కాబట్టి ముల్లు పైకి రాదు. కుష్ఠు ఆసుపత్రులకి ఈ చెప్పులు కొత్త కాదు. మా సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది, లెప్రసీ మిషన్ వాళ్ళది. మీ జిల్లా కేంద్రంలో ఫిజియోథెరపీ విభాగం వాళ్ళని అడిగినా ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. "కుష్ఠు చెప్పులు" అని మొహం తిప్పుకున్నవాళ్ళని చూశాను. ఇప్పుడు మామూలు చెప్పుల లాగే రంగుల్లో వస్తున్నాయి.

ఇంకో మాట. మన ప్రాంతంలో తిమ్మిరి ఉన్న ప్రతి కాలూ షుగర్ కాలు కాదు. ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన, స్పర్శ లేని మచ్చ ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే పీహెచ్‌సీలో చూపించండి, మందు ఉచితం.

రాజాం షాపు | అక్టోబరు 25

మా అత్త రోజూ రాత్రి వేడినీళ్ళల్లో ఉప్పు, పసుపు వేసి కాళ్ళు నానబెట్టుకుంటుంది. హాయిగా ఉందంటుంది. పగుళ్ళకి జిల్లేడు పాలు రాస్తుంది. ఆనెకాయని నేనే బ్లేడుతో కోసిపెడతాను. మాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. అందరూ ఆసుపత్రికి పరుగెత్తక్కర్లేదు.

టెక్కలి స్టాఫ్ నర్స్ | అక్టోబరు 25

అన్నా, మీ అత్తగారి మీద ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు, కానీ దయచేసి ఈ మూడూ ఈరోజే ఆపండి. స్పర్శ లేని కాలికి నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో తెలీదు. బొబ్బలెక్కిన కాళ్ళతో వచ్చినవాళ్ళని ప్రతి చలికాలం చూస్తాం, వేడి నీళ్ళ బ్యాగ్, కుంపటి కూడా అంతే. ఎక్కువసేపు నానబెడితే చర్మం మెత్తబడి చిట్లుతుంది. జిల్లేడు పాలు చర్మాన్ని కాల్చేస్తాయి. మెడికల్ షాపులో దొరికే కార్న్ క్యాప్ కూడా వద్దు, అందులో ఉండేది యాసిడే.

బ్లేడు విషయం మరీ ముఖ్యం. ఆనెకాయ ఉందంటే అక్కడ ఒత్తిడి పడుతోందని. దాని కింద పుండు తయారవుతూ ఉండొచ్చు. దాన్ని తియ్యాల్సిందే, కానీ తెలిసినవాళ్ళ చేతితో, శుభ్రమైన బ్లేడుతో. పగుళ్ళకి మామూలు కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ మడమలకి రాయండి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయకండి, అక్కడ తడి ఉంటే నాని ఫంగస్ పడుతుంది. స్నానం చేశాక మెత్తటి గుడ్డతో సందులు తుడవాలి. నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి, అదీ ఇంట్లో వేరేవాళ్ళు.

రాజాం షాపు | అక్టోబరు 26

సరే మేడమ్. అత్త కాలు తిప్పి చూశాను. ఎడమకాలి ఆనెకాయ మధ్యలో నల్లటి చుక్క ఉంది. అది మట్టి అనుకున్నాం, కడిగినా పోవట్లేదు.

టెక్కలి స్టాఫ్ నర్స్ | అక్టోబరు 26

అది లోపల గడ్డకట్టిన రక్తం కావచ్చు. పుండు పడబోయే ముందు కనిపించే గుర్తు. ఈ వారంలోనే సర్జన్‌కి చూపించండి. అప్పటిదాకా ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేయించండి, ఎక్కువ నడవనివ్వకండి.

విలేజ్ క్లినిక్ సీహెచ్‌ఓ | అక్టోబరు 26

నేను లావేరు మండలంలో విలేజ్ క్లినిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా (సీహెచ్‌ఓ) పనిచేస్తున్నాను. 30 ఏళ్ళు దాటిన అందరికీ బీపీ, షుగర్ చూసే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) సర్వేలో ఏఎన్‌ఎంలు, ఆశాలు ఇంటింటికీ వస్తారు. షుగర్ తేలాక నెలనెలా మందులు మా దగ్గర తీసుకోవచ్చు. పాదాలు చూపించుకోవాలని అడిగేవాళ్ళు చాలా అరుదు. అడగండి. పుండుందా, చర్మం ఎలా ఉంది, నాడి దొరుకుతోందా, స్పర్శ ఉందా అనేది మేము చూడగలం, ఎక్కడికి పంపాలో చీటీ రాయగలం.

తమ్ముడికి చెప్పేది, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి గానీ, నెల్లిమర్ల మిమ్స్ గానీ మీకు దగ్గర. శ్రీకాకుళం వైపు వాళ్ళకి అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) ఉంది, అందరూ ఇంకా రిమ్స్ అనే అంటారు. రాగోలు జెమ్స్ ఉంది. ఇవన్నీ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే. జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్ళి "షుగర్ పాదాల పరీక్ష" అని స్పష్టంగా అడగాలి. పుండుంటే నేరుగా సర్జరీ ఓపీ. ఒక చిట్కా, ఓపీలో వరస కదలగానే చెప్పులు, సాక్సులు విప్పేసి డాక్టర్ ముందు కూర్చోండి. జనం కిటకిటలాడే ఓపీలో కాళ్ళు కప్పుకుని కూర్చుంటే ఎవరూ విప్పమనరు. నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం, ఆ వారంలో చాలా ఆసుపత్రులు ఉచిత శిబిరాలు పెడతాయి. అడిగి తెలుసుకోండి.

సోంపేట ఆడపడుచు | అక్టోబరు 27

మా అమ్మకి షుగర్ ఉంది, కిడ్నీలు కూడా పాడై డయాలసిస్ జరుగుతోంది. మాది ఉద్దానం. మా వైపు ఎవరికి కిడ్నీ చెడినా ఉద్దానం జబ్బే అంటారు. అమ్మకి షుగర్ వల్ల వచ్చిందని డాక్టర్ చెప్పారు. వారానికి మూడుసార్లు సూదులు, నీళ్ళు కొలుచుకుని తాగడం, వీటి మధ్య కాళ్ళ గురించి ఆలోచించే ఓపిక మాకు లేదు. అమ్మకి కూడా పరీక్ష అవసరమా?

టెక్కలి స్టాఫ్ నర్స్ | అక్టోబరు 27

అమ్మా, అందరికంటే ఎక్కువ అవసరం మీ అమ్మగారికే. స్పర్శగానీ ప్రసరణగానీ తగ్గిన కాలికి, కిడ్నీలు పూర్తిగా పాడవడం తోడైతే అది అన్నిటికంటే పై ప్రమాద స్థాయి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. స్పర్శ, ప్రసరణ రెండూ బాగుంటే ఏడాదికి ఒకసారి చూపించాలి. ఏదో ఒకటి తగ్గితే 6 నుంచి 12 నెలలకి. రెండూ తగ్గినా, లేదా ఒకటి తగ్గి పాదం ఆకారం మారినా 3 నుంచి 6 నెలలకి. స్పర్శో ప్రసరణో తగ్గి, అంతకుముందు పుండు పడి మానినవాళ్ళకి, వేలో కాలో తీసేసినవాళ్ళకి, కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళకి నెల నుంచి మూడు నెలలకి.

మీరు విడిగా ఎక్కడికీ తిప్పక్కర్లేదు. డయాలసిస్‌కి పడుకున్నప్పుడు ఎలాగూ నాలుగు గంటలు మంచం మీదే ఉంటారు. వారానికి ఒకసారి ఆ సమయంలోనే దుప్పటి తీసి మడమలు, వేళ్ళ సందులు చూడమని టెక్నీషియన్‌ని, నర్సుని అడగండి. మడమ మంచానికి ఒత్తుకోకుండా పిక్క కింద దిండు పెట్టండి. కాళ్ళు లాగుతున్నాయని నొప్పి మాత్రలు మాత్రం కొనకండి.

సోంపేట ఆడపడుచు | అక్టోబరు 27

ఇది మాకు ఎవరూ చెప్పలేదు. దిండు రేపే పెడతాను.

నాగావళి గట్టు | అక్టోబరు 28

వాచిన కాలి గురించి ఒకటి రాయాలి, మా పెదనాన్నకి జరిగింది. పాదం ఎర్రగా వాచింది, చెయ్యి పెడితే వేడిగా ఉంది. నొప్పి పెద్దగా లేదు, పుండూ లేదు. దగ్గర్లో చూపిస్తే ఎక్స్‌రే బాగుంది, బెణికింది అన్నారు. ఇంకోచోట ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆయన అలాగే పొలం పనులు చేసుకున్నారు. కొన్నాళ్ళకి అరికాలి వంపు కిందికి దిగిపోయి పాదం పడవలా ఉబ్బింది. విశాఖలో షార్కో అని చెప్పారు. నరాలు పోయిన కాలిలో ఎముకలు లోపల విరిగి జారిపోతాయట. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చట. అప్పుడే పిండికట్టు వేసి కాలు కింద మోపనివ్వకుండా ఉంచి ఉంటే ఆకారం నిలిచేదని చెప్పారు. పుండు లేకపోయినా, నొప్పి లేకపోయినా, ఒక కాలు రెండో కాలి కంటే వేడిగా వాచి ఉంటే నడక ఆపేసి వెళ్ళండి. ఇది షార్కో కావచ్చా అని మీరే అడగండి.

భీమిలి పిల్ల | అక్టోబరు 28

మా అమ్మమ్మ అడ్డపొగ చుట్ట కాలుస్తుంది, నిప్పు నోట్లో పెట్టుకుని. షుగర్ ఉంది. నడిస్తే పిక్కలు పట్టేసి ఆగిపోతుంది, కాసేపు నిలబడితే మళ్ళీ నడుస్తుంది. వయసు వల్ల అనుకుంటున్నాం.

విలేజ్ క్లినిక్ సీహెచ్‌ఓ | అక్టోబరు 28

అది వయసు కాదండీ. నడిస్తే పట్టేసి ఆగితే వదిలేస్తుందంటే కాలికి రక్తం చాలట్లేదని. పొగాకు, షుగర్ కలిస్తే నాళాలు మరీ త్వరగా మూసుకుపోతాయి. అడ్డపొగ అంటే అంగిట్లో క్యాన్సర్ గురించే చెబుతాం, కాళ్ళ సంగతి చెప్పం, అదీ చెప్పాలి. ఏబీఐ, డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించండి. మానిపించడం కష్టమని తెలుసు. ఈ కారణం చెప్పి చూడండి, నడవలేకపోవడం ఆవిడకి రోజూ కనిపిస్తున్న బాధ కాబట్టి వింటారేమో.

బొబ్బిలి గురుస్వామి | అక్టోబరు 29

స్వామి శరణం. మాల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. దీక్షలో చెప్పులు మానడం నియమమే, కాదనను. కానీ దీక్ష అంటే ఒంటిని శిక్షించుకోవడం కాదు. నా దగ్గర మాల వేసుకునే షుగర్ స్వాములకి నేను చెప్పులు వేసుకోమనే చెబుతాను. పూజ దగ్గర, గుడి లోపల విప్పండి, రోడ్డు మీద, పొలంలో వేసుకోండి అంటాను. తోలు వద్దనుకునే స్వాములకి మాస్టారు చెప్పిన రబ్బరు చెప్పులు ఇంకా మంచిది, అందులో తోలు ఉండక్కర్లేదు.

కొండ సంగతి మర్చిపోకండి. పంబ నుంచి సన్నిధానం సుమారు 5 కిలోమీటర్లు, నీలిమల, అప్పాచిమేడు నిట్టనిలువు ఎక్కడం. స్పర్శ లేని కాళ్ళతో ఉత్తకాళ్ళ నడక వద్దే వద్దు. కొండెక్కేటప్పుడు చెప్పులు ఉంచుకోవచ్చు, నడవలేనివాళ్ళకి డోలీ ఉంది. ఒంటిపూట భోజనం చేసే స్వాములు కూడా డాక్టర్‌ని ముందే అడగాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది, భజనలో కళ్ళు తిరిగి పడిపోయిన స్వామిని చూశాను. మీ ఊరి గురుస్వామి ఒప్పుకోకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేను మాట్లాడతాను. సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళేవాళ్ళకీ ఇదే చెబుతాను, అది 32 కిలోమీటర్లు.

అరసవల్లి వీధి | అక్టోబరు 29

గురుస్వామి గారికి దండం. మా గుడి దగ్గర వేసవిలో మధ్యాహ్నం బండల మీద ఉత్తకాళ్ళతో నిలబడి అరికాళ్ళు కాలిపోయిన పెద్దాయన్ని నేను చూశాను. ఇంటికెళ్ళి బొబ్బలు చూసేదాకా ఆయనకి తెలీలేదు. దర్శనానికి పొద్దున్నే రండి, చెప్పులు విప్పాక మందపాటి నూలు సాక్సులు వేసుకోండి.

చీపురుపల్లి తమ్ముడు | నవంబరు 6

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఇంట్లో వేళ్ళ పరీక్ష చేస్తే ఆరింటిలో మూడు తెలీలేదు. అది చూశాక నాన్న మారు మాట్లాడకుండా బయల్దేరారు.

ఆసుపత్రిలో చేసింది రాస్తాను, వెళ్ళబోయేవాళ్ళకి ఉపయోగపడుతుంది. ముందు ఆ నైలాన్ తీగని మోచేతి మీద తాకించి "ఇలా ఉంటుంది" అని చూపించారు. తర్వాత కళ్ళు మూయించి బొటనవేలి కింద, బొటనవేలి మొదట్లో, చిటికెనవేలి మొదట్లో ఆనించారు. తీగ విల్లులా వంగేదాకా నొక్కి తీసేస్తున్నారు. ఒక్కోచోట మూడేసిసార్లు అడిగారు. అందులో ఒకసారి తాకించకుండానే "తెలిసిందా?" అన్నారు, ఊరికే అవునంటున్నారేమో తెలియడానికి. కుడిపాదంలో తీగ పూర్తిగా వంగిపోయి ఉంది, నాన్న "ఇంకా పెట్టలేదా బాబూ" అని అడుగుతున్నారు. పక్కన నిలబడ్డ అమ్మ ఏడ్చేసింది.

కుడికాలికి రెండుచోట్ల, ఎడమకాలికి ఒకచోట స్పర్శ లేదు. నాడి బాగానే దొరికింది, ఏబీఐ 1.08. బొటనవేలి మొదట్లో ఆనెకాయ ఉంది, వేళ్ళు కొంచెం కిందికి వంకర తిరుగుతున్నాయి. ఆనెకాయని సర్జన్ పొరలు పొరలుగా చెక్కారు, నాన్నకి ఏమీ తెలీలేదు. కింద గులాబీ చర్మం వచ్చింది, పుండు లేదు. స్పర్శ లేదు, ఆకారం మారుతోంది కాబట్టి మూడు నెలలకోసారి రమ్మన్నారు. బీ12 కి రక్తం తీశారు. షుగర్ మాత్రలు మార్చారు.

మా ఊరి గురుస్వామికి డాక్టర్ మాట చెప్పాను, బొబ్బిలి గురుస్వామి గారు కూడా ఫోన్ చేసి మాట్లాడారు. ఒప్పుకున్నారు. నాన్న మాల వేసుకుంటారు, చెప్పులతోనే.

ఇప్పుడు చెప్పులు కొనాలి. ఏం చూసి కొనాలి? వరి కోతల్లో ఏం వేసుకోవాలి?

సాలూరు మాస్టారు | నవంబరు 6

మంచి కబురు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆయన్ని నిలబెట్టి అట్ట మీద రెండు పాదాల గీత గీసుకెళ్ళండి. చెప్పు ఆ గీత కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవు ఉండాలి, వేళ్ళ దగ్గర వెడల్పు ఉండాలి. బొటనవేలి సందులో పట్టీ ఉండేవి వద్దు, అక్కడే కోసుకుపోతుంది. పైన వెడల్పు పట్టీలు, వెనక మడమకి బెల్టు ఉంటే జారవు. కొత్తవి మొదటిరోజే పొద్దస్తమానం వెయ్యకండి. గంటసేపు వేసి విప్పి ఎర్రగా ఎక్కడైనా కందిందా చూడండి. ఎంసీఆర్ కూడా అణిగిపోతుంది, బొటనవేలితో నొక్కితే లేవకపోతే మార్చెయ్యాలి.

కోత చేలో వరి కొయ్యలు మేకుల్లా ఉంటాయి. అక్కడ గట్టి సోల్ ఉన్న బూట్లే నయం, లోపల లేత రంగు నూలు సాక్సులు. రక్తంగానీ చీముగానీ వస్తే లేత రంగు మీద కనిపిస్తుంది. తొడుక్కునే ముందు ప్రతిసారీ చెయ్యి లోపలికి పెట్టి తడమాలి. మా రోగి ఒకాయన బూటులో మనవడి గోలీకాయతో రోజంతా నడిచారు. ఊడ్పుల బురదలో బూట్లు కుదరవని నాకూ తెలుసు, ఆ పని కూలీలకి అప్పగించమనే చెబుతాను. తప్పనప్పుడు గట్టెక్కగానే కడుక్కుని, ఆరబెట్టుకుని, ఇంకొకరితో చూపించుకోవాలి.

గరివిడి బాబాయ్ | నవంబరు 7

నాకు అరికాలు వంచి చూసుకోవడం కుదరదు, మోకాళ్ళ నొప్పులు. ఒక్కణ్ణే ఉంటాను.

టెక్కలి స్టాఫ్ నర్స్ | నవంబరు 7

నేలమీద అద్దం పెట్టి దాని మీద కాలు ఎత్తి పట్టుకోండి బాబాయ్. లేదా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పిల్లలకి పంపండి, వాళ్ళు పెద్దది చేసి చూస్తారు. గోళ్ళు మాత్రం మీరు తియ్యకండి. అడ్డంగా సూటిగా తియ్యాలి, మూలలు లోపలికి కొయ్యకూడదు. ఆశా వచ్చినప్పుడు అడగండి.

కొత్తవలస కోడలు | నవంబరు 9, రాత్రి

ఇప్పుడే ఇదంతా చదివాను. మా మావయ్యకి షుగర్. నాలుగు రోజులుగా కాలి చిటికెనవేలి దగ్గర పుండు. ఊళ్ళో డాక్టర్ మాత్ర పొడి చేసి చల్లి కట్టు కడుతున్నారు. ఈరోజు వేలు నల్లబడింది, వాసన వస్తోంది, పాదం పైదాకా ఎరుపు పాకింది. చలిజ్వరం. షుగర్ 400 దాటింది. రేపు సోమవారం ఓపీకి తీసుకెళ్దామనుకుంటున్నాం.

టెక్కలి స్టాఫ్ నర్స్ | నవంబరు 9, రాత్రి

ఓపీ దాకా ఆగకండి. ఇప్పుడే 108 కి ఫోన్ చేసి విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్ళండి. ఆ పొడి దులిపేసి శుభ్రమైన గుడ్డ చుట్టండి, ఇంకేమీ రాయకండి. నడిపించకండి, ఎత్తుకుని వాహనం ఎక్కించండి. వాడుతున్న మాత్రల చీటీలన్నీ, ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్ళండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కోసం అక్కడి సహాయ కేంద్రంలో అడగండి. సర్జన్ చూసేదాకా ఉండండి, కాలికి ప్రసరణ ఎలా ఉందో చూడమని చెప్పండి. వేలు తియ్యాలంటే భయపడి వెనక్కి తీసుకొచ్చెయ్యకండి, ఈ రాత్రి వేలు తీస్తే కాలు మిగులుతుంది.

కొత్తవలస కోడలు | నవంబరు 9, రాత్రి

108 వచ్చింది. బయల్దేరుతున్నాం.

విలేజ్ క్లినిక్ సీహెచ్‌ఓ | నవంబరు 10

కొత్తవలస అమ్మా, వేలు మానాక కూడా మీ మావయ్యగారిని పై ప్రమాద స్థాయిలోనే చూడాలి. షుగర్ పుండు మానినవాళ్ళలో సుమారు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్ళీ పడుతుంది. డిశ్చార్జి కాగితం మీ ఊరి క్లినిక్‌లో ఇవ్వండి. నెలనెలా రెండు పాదాలూ చూడమని రాయించండి.